చల్లగా ఒకసారి, కాగాక ఒకసారి

మే నెలలో పాత ట్రాక్టరు బేరం చేయకండి. చేయక తప్పకపోతే కోడి కూసే వేళకే వెళ్లి బండి చూడండి. మంచిరోజు కోసం చెప్పే మాట కాదిది. ఎండాకాలం మధ్యాహ్నం 42 డిగ్రీల వేడిలో అరిగిపోయిన ఇంజను కూడా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. అదే బండి సంక్రాంతి చలిలో, ఆదిలాబాదు వైపో అరకు వైపో, పావుగంట గింజుకున్నా అందుకోదు. తేడా బండిలో లేదు, అది పీల్చే గాలిలో ఉంది.

డీజిలు ఇంజనులో నిప్పు రాజేసే పరికరమంటూ ఏదీ ఉండదు. పెట్రోలు ఇంజనుకున్న స్పార్కు ప్లగ్గు దీనికి లేదు. సిలిండరులోకి వచ్చిన గాలిని పిస్టను పైకి నెట్టి పదహారో వంతుకో పదిహేడో వంతుకో కుదిస్తుంది. సైకిలు పంపు గట్టిగా కొడితే దాని అడుగు చురుక్కుమనేది ఎందుకో, ఈ గాలి కాగేదీ అందుకే. కాకపోతే ఇక్కడ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ క్షణంలో నాజిల్ చిమ్మిన డీజిలు తుంపర తనంతట తానే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1893లో జర్మనీలో పేటెంటు పొందిన ఉపాయానికి ప్రాణం ఇదే. పాత బండి పరీక్ష కూడా ఇక్కడే మొదలవుతుంది.

పిస్టను రింగులు, లైనరు అరిగితే కుదించిన గాలిలో కొంత పక్క సందుల్లోంచి కిందికి జారిపోతుంది. గాలి తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడితో పాటు వేడీ తగ్గుతుంది. స్టార్టు చేసేటప్పుడు ఈ లోటు మరీ ఎక్కువ. సెల్ఫ్ మోటారు ఇంజనును నిమిషానికి రెండొందల చుట్లకు అటూ ఇటూ మాత్రమే తిప్పగలదు. పిస్టను అంత నింపాదిగా పైకి వెళుతుంటే గాలి జారిపోవడానికీ, ఉన్న వేడి చల్లటి లైనరు గోడలకు అంటుకుపోవడానికీ కావలసినంత వ్యవధి దొరుకుతుంది. ఒకసారి అందుకుని రెండువేల చుట్ల మీద తిరగడం మొదలైందంటే ఆ వ్యవధి పదో వంతు. అందుకే అరిగిన ఇంజను కూడా స్టార్టయ్యాక బాగానే నడుస్తున్నట్టు కనబడుతుంది.

ఇందులో ఎండ పాత్ర లెక్కకు అందేదే. గాలిని పదిహేడో వంతుకు కుదిస్తే దాని వేడి, పరమ శూన్యం నుంచి కొలిచే కెల్విన్ లెక్కలో, దాదాపు 2.7 రెట్లవుతుంది. అంటే లోపలికి వెళ్లే గాలి 12 డిగ్రీల బదులు 42 డిగ్రీలుంటే, కుదించాక తేడా ముప్పై కాదు, ఎనభై డిగ్రీలు. అరిగిన రింగులు పోగొట్టిన వేడిని మే నెల సూర్యుడు ఉచితంగా భర్తీ చేస్తాడు. అమ్మేవాడికి ఈ లెక్క తెలియకపోయినా, బండి ఏ కాలంలో, ఏ వేళకు చూపించాలో మాత్రం బాగా తెలుసు.

కాబట్టి వెళ్లగానే మొదట సైలెన్సరు మొదలు దగ్గర, రేడియేటరు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే మీరు వచ్చేలోపే ఎవరో ఇంజనును కాచి ఉంచారు. మర్యాదగా, ‘రేపు పొద్దున్నే మళ్లీ వస్తానండీ’ అని చెప్పి వచ్చేయండి. బండిని ఏటవాలు మీద నిలిపి ఉంచినా అనుమానించాల్సిందే. దొర్లించి స్టార్టు చేసే అలవాటున్న ఇంటివాళ్లే అలా నిలుపుతారు. అది బ్యాటరీ లోపమో, సెల్ఫ్ లోపమో అయితే చిన్న ఖర్చు. కంప్రెషన్ లోపమైతే పెద్దది. గాలి పీల్చే గొట్టం దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టి స్టార్టు చేస్తుంటే ఇక అనుమానానికి చోటే లేదు.

ఇంజను అందుకున్నాక ఆయిలు పోసే మూత విప్పి, దాన్ని బోర్లించి ఆ రంధ్రం మీదే వదలండి. రింగుల పక్కనుంచి కిందికి జారిన గాలికి బయటపడే దారులు బ్రీదరు గొట్టం, ఈ రంధ్రమే. మూత కాస్త వణికితే సహజం. ఎగిరెగిరి పడుతూ పొగ కక్కుతుంటే బోరు పని దగ్గరపడిందని అర్థం. కంప్రెషన్ గేజీ ఉన్న మెకానిక్కు వెంట ఉంటే ఇంకా మంచిది. ఆయన చూడాల్సింది ఒత్తిడి ఎంతన్నది ఒక్కటే కాదు, సిలిండరుకూ సిలిండరుకూ మధ్య తేడా కూడా. మూడు సిలిండర్లూ సమానంగా అరిగిన బండి ఇంకా కొన్నేళ్లు నడవొచ్చు. రెండు బాగుండి ఒకటి చచ్చిన బండిలో మాత్రం వాల్వు కాలడమో, రింగు విరగడమో, ఏదో ఒకటి అప్పటికే జరిగిపోయి ఉంటుంది.

పొగ గురించి రైతులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. నల్లపొగకు మూలం గాలికి మించిన డీజిలు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడుకున్నా, నాజిల్ తుంపర కొట్టకుండా ధార కట్టినా, బలం కోసం పంపు ఎక్కువ తిప్పి పెట్టినా వస్తుంది. ఇవన్నీ బాగుచేయించుకోదగ్గవే. నీలిపొగ వస్తే ఆయిలు కాలుతోందన్నమాట. తెల్లపొగ చలిలో కాసేపు వచ్చి పోతే కాలకుండా పోయిన డీజిలు, ఇంజను కాగాక కూడా ఆగకపోతే సిలిండరులోకి నీరు చేరుతోందేమో చూడాలి. ఈ మూడు రంగులనూ ఖాళీగా ఆడుతున్న బండి దగ్గర చూస్తే ఉపయోగం లేదు. ఖాళీ ఇంజను తాగే డీజిలే కొద్ది, దానికి పొగేముంటుంది? గొర్రు దించి దున్నించాలి, లేదా నిండు ట్రక్కు కట్టి గట్టెక్కించాలి. బరువు మీద నీలిపొగ కొడితే రింగుల వైపు చూడాలి. కాసేపు ఊరికే ఆడించి ఒక్కసారి రేజు చేసినప్పుడు మాత్రమే నీలిపొగ గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వు గైడ్లు అరిగాయి. రెండో రోగం మొదటిదానికన్నా చాలా చవక.

అరగంట దున్నించాక రెండో పరీక్షకు వేళవుతుంది. కొనేవాళ్లలో చాలామంది చేయనిది ఇదే. చల్లటి ఇంజను గాలి లోపాన్ని బయటపెడితే, కాగిన ఇంజను ఆయిలు లోపాన్ని బయటపెడుతుంది.

ఆయిలు ఒత్తిడి పంపు ఒక్కదాని చేతిలో ఉండేది కాదు. క్రాంకుకూ బేరింగుకూ మధ్య మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పాటి సందు ఉంటుంది. ఆ సందులో నిలిచిన ఆయిలు పొర మీదే క్రాంకు తేలుతూ తిరుగుతుంది, ఇనుమును ఇనుము తాకదు. సన్నటి సందులోంచి కారే ద్రవం పరిమాణం సందు వెడల్పుకు ఘనం లెక్కన పెరుగుతుందనేది ద్రవశాస్త్ర సూత్రం. మామూలు మాటల్లో చెప్పుకుంటే, బేరింగు అరిగి సందు రెండింతలైతే కారిపోయే ఆయిలు ఎనిమిదింతలు. ఏళ్ల తరబడి బాగున్న బండి ఒక్క సీజనులోనే చెడిపోయినట్టు అనిపించడం వెనుక ఈ ఘనం లెక్క ఉంది. దీనికి వేడి తోడవుతుంది. డీజిలు ఇంజన్లలో పోసే 15డబ్ల్యు-40 రకం ఆయిలు 40 డిగ్రీల దగ్గర ఉన్నంత చిక్కగా 100 డిగ్రీల దగ్గర ఉండదు, ఏడెనిమిది రెట్లు పలచబడుతుంది. పొద్దున్నే చూస్తే ఏ ముసలి బండికైనా ఆయిలు గేజీ ముల్లు నిటారుగా నిలబడుతుంది. బాగా పనిచేసి వచ్చాక, రేజు తగ్గించి మెల్లగా ఆడుతున్నప్పుడు ముల్లు ఎక్కడుందో చూడండి. సున్నా దగ్గర తచ్చాడుతుంటే బేరింగుల ఖర్చు మీ లెక్కలో వేసుకోండి. గేజీయే పనిచేయడం లేదంటే అది పనిచేసే దాకా బేరం ఆపండి. కొత్త గేజీ ఖరీదు ఇంజను ఖరీదు ముందు లెక్కలోకే రాదు.

దీన్ని కప్పిపుచ్చే ఉపాయమూ ఉంది. ఇంజనులో గేరాయిలు లాంటి చిక్కటి ఆయిలు కలిపితే ముల్లు నాలుగు రోజులు లేచి కూర్చుంటుంది. అందుకని ఆయిలు కొలిచే పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్ది చూడండి. నల్లగా ఉంటే భయపడనక్కర్లేదు. డీజిలు మసి కలిసి మంచి ఇంజనులో కూడా కొద్ది గంటలకే ఆయిలు నల్లబడుతుంది. ముప్పై ఏళ్ల బండిలో తేనె రంగు ఆయిలు మెరుస్తుంటే మాత్రం ఎప్పుడు మార్చారో, ఎందుకు మార్చారో అడగాలి. పాలు కలిపిన కాఫీ రంగుంటే నీళ్లు చేరాయి. పుల్ల మీద గీతకు మించి ఉండి, పలచగా డీజిలు వాసన వేస్తుంటే ఇంధనం ఆయిల్లోకి దిగుతోంది.

రేడియేటరు మూత తీయడానికి చల్లగా ఉన్నప్పుడే వీలు, కాగాక విప్పితే చేతులు కాలతాయి. మన ప్రాంతంలో బోరునీళ్లే కూలెంటుగా పోసే అలవాటు పోలేదు. నల్లగొండ, ప్రకాశం, అనంతపురం జిల్లాల కఠిన జలంలోని కాల్షియం లవణాలు వేడి తగిలిన చోటల్లా సున్నపు పెచ్చు కడతాయి. పోత ఇనుముతో పోలిస్తే ఆ పెచ్చు వేడిని పదుల రెట్లు తక్కువగా దాటనిస్తుంది. రేడియేటరు నిండా నీళ్లున్నా హెడ్డు కాలిపోయే బండ్ల కథ ఇది. మూతలోపల తెల్లటి పొలుసు కనిపించినా, ఇంజను ఆడుతుంటే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నా హెడ్డు విప్పించక తప్పదు.

ఇంత చెప్పి ఇప్పుడొక మాట అంటే ఎదురుమాటగా ఉంటుందేమో. పాత ట్రాక్టరులో అన్నిటికన్నా తక్కువ భయపడాల్సింది ఇంజను గురించే. మన పల్లెల్లో తిరిగే పాత బండ్ల ఇంజన్లలో చాలావాటికి లైనర్లు ఊడదీసి మార్చుకోవచ్చు. పిస్టన్లు, రింగులు, లైనర్లు కలిసిన కిట్టు మండల కేంద్రంలో కాకపోతే జిల్లా కేంద్రంలో దొరుకుతుంది. క్రాంకును గ్రైండింగ్ చేయించి టెన్, ట్వంటీ, థర్టీ సైజుల బేరింగులు వేస్తూ పోవచ్చు. అడగాల్సిన ప్రశ్నల్లా, ఇప్పటికే ఏ సైజులో ఉందన్నదే. థర్టీ దాకా వచ్చేసిన క్రాంకుకు ఇక చెక్కడానికి చోటుండదు. మైకో డీజిలు పంపులు, రోటరీ పంపులు కూడా అంతే. నాజిల్ సూదికీ దాని గూటికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండో మూడో. మురికి డీజిలు దాన్ని గీరేస్తుంది. కానీ పంపు పని తెలిసిన షాపులో కొత్త సూది వేసి, ప్రెషరు కట్టి ఇస్తారు. కంప్యూటరు ఉండదు, సెన్సారు ఉండదు. దేశంలో ట్రాక్టర్లకు ట్రెమ్-4 ఉద్గార ప్రమాణాలు 2023 జనవరి నుంచి వచ్చింది కూడా 50 హార్సుపవరు దాటిన వాటికే. పాత బండి బలం ఏమైనా ఉందంటే, చేత్తో విప్పి చేత్తో బిగించగలగడమే.

నేను భయపడేది సీటు కింద ఉన్న వాటిని చూసి.

ట్రాక్టరుకు లారీలాగా వేరే చాసీ ఫ్రేము ఉండదు. ఇంజను బ్లాకు, క్లచ్ హౌసింగు, గేరుబాక్సు, వెనుక యాక్సిలు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉంటాయి, బండికి వెన్నెముక అవే. ఈ పద్ధతిని లోకమంతా వ్యాపింపజేసింది హెన్రీ ఫోర్డు 1917లో తెచ్చిన ఫోర్డ్‌సన్. బండి చవకైంది, తేలికైంది, కానీ గేరుబాక్సు గోడ పగిలితే బండి వెన్ను విరిగినట్టే అయింది. ఆ గోడ మీద పడే బలం తక్కువేమీ కాదు. గంటకు మూడు కిలోమీటర్ల నడకతో దున్నుతున్నప్పుడు ఇంజను నిమిషానికి 1900 చుట్లు తిరిగితే వెనుక చక్రం తిరిగేది పన్నెండు చుట్లకు అటూ ఇటూ. వేగం నూట యాభై రెట్లు తగ్గిన మేర మెలితిప్పే బలం పెరుగుతుంది, రాపిడికి పోయింది పోగా. అదంతా ఆ పళ్ల మీదా, ఆ ఇనుప గోడల మీదా పడుతుంది.

ఆ గోడలు పోత ఇనుము. అందులో కార్బను మూడు శాతం చుట్టుపక్కల ఉంటుంది. మామూలు ఉక్కు కడ్డీతో వెల్డింగు పెడితే కరిగిన చోటు పక్కనున్న ఇనుము గబుక్కున చల్లారి, గాజులా పెళుసుబారుతుంది. కొత్త పగులు అతుకు మీద రాదు, అతుకు అంచున వస్తుంది. ముందే కాచి, నికెల్ కడ్డీతో వెల్డింగు చేసి, నిదానంగా చల్లార్చే పనివాళ్లు లేకపోలేదు గాని రోడ్డుపక్క షెడ్డులో అంత ఓపిక అరుదు. హౌసింగు కింద పడుకుని టార్చి వేసి చూడండి. వెల్డింగు గీత కనిపిస్తే బేరం అక్కడితో సరి. అందుకే నాకు కొత్త రంగు పూసిన పాత ట్రాక్టరంటే గిట్టదు. దుమ్ము పట్టి, జిడ్డు కారి ఉన్న బండి తన రోగమెక్కడో తానే చూపిస్తుంది. రంగు ఆ జిడ్డునూ, పగులునూ, వెల్డింగునూ ఒకేసారి మూసేస్తుంది.

వరి పండే చోట వాడిన బండి సంగతి ప్రత్యేకం. గోదావరి, కృష్ణా డెల్టాల్లో దమ్ము చేసిన బండ్లు, తెలంగాణలో కరిగెట చేసిన బండ్లు నెలల తరబడి యాక్సిలు మునిగే బురదలో నడుస్తాయి. ఇసుకతో కలిసిన ఆ నీరు ఆయిల్ సీళ్ల పెదవులను అరగదీసి లోపలికి చేరుతుంది. ముందు చక్రాల హబ్బులు, బ్రేకులు, వెనుక యాక్సిలు ఈ వరసలో దెబ్బతింటాయి. దీనికో తేలికైన పరీక్ష ఉంది. బండి రాత్రంతా కదలకుండా నిలిచాక, పొద్దున గేరుబాక్సు అడుగునున్న డ్రెయిను బోల్టును ఊడదీయకుండా కాస్త వదులు చేయండి. నీరు ఆయిలుకన్నా బరువు కనుక అడుగునే చేరి ఉంటుంది. ముందు కారేది నీళ్లయితే ఆ బండి ఎన్ని దమ్ములు చూసిందో అడగక్కర్లేదు. తర్వాత బోల్టు ఊడదీస్తే దానికి సన్నటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే అది సహజమైన అరుగుదల. వేలికి గుచ్చుకునే పెళుకులు, పంటి ముక్కలు వస్తే లోపల గేరు విరిగింది.

తర్వాత లిఫ్టు. 35 నుంచి 45 హార్సుపవరు బండ్లు కొత్తప్పుడు వెయ్యి నుంచి పదహారు వందల కిలోల దాకా ఎత్తేవి. రోటావేటరు తగిలించి పూర్తిగా లేపి, ఇంజను ఆపేసి, చూస్తూ కూర్చోండి. నిమిషాల మీద కొద్దికొద్దిగా దిగితే పరవాలేదు. కళ్లెదుటే దిగిపోతే లిఫ్టు సిలిండరు సీళ్లో, వాల్వులో ఆయిలును ఆపడం లేదు. ఇదీ కాగాక చేయాల్సిన పరీక్షే. ఇక్కడా పనిచేసేది ఆ ఘనం లెక్క, ఆ పలచబడే ఆయిలే. పొద్దున హుషారుగా లేపిన లిఫ్టు పదకొండు గంటలకు మొండికేస్తుంటే పంపు అరిగిపోయింది.

గంటల మీటరును నమ్మకండి. పాత బండ్లలో అది గడియారం కాదు, ఇంజను చుట్లను లెక్కబెట్టే కేబులు. నిర్ణీత వేగం మీద ఒక గంట తిరిగితే ఒక గంట చూపిస్తుంది, మెల్లగా ఆడితే అరగంటే చూపిస్తుంది, కేబులు తెగితే ఏమీ చూపించదు. చాలా బండ్లలో తెగే ఉంటుంది. దానికన్నా బండి ఒంటి మీది గుర్తులు నిజం చెబుతాయి. వెనుక టైరు గుబ్బలు నడిమధ్యన నున్నగా అరిగి, ట్రక్కు తగిలించే హుక్కు రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ బండి పొలంలోకన్నా ఇసుక, ఇటుక తోలకాల్లోనే ఎక్కువ బతికింది. క్లచ్చు, బ్రేకు, ముందు యాక్సిలు మధ్య పిన్ను ముందుగా చూడండి. పి.టి.ఓ. షాఫ్టు పళ్లు పలచబడి ఉంటే రోటావేటరో, నూర్పిడి యంత్రమో నిమిషానికి 540 చుట్ల మీద ఏళ్ల తరబడి తిప్పారన్నమాట. రెండు వెనుక టైర్లు వేర్వేరు అరుగుదలతో ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. చిన్న చక్రం ఎప్పుడూ కాస్త ఎక్కువ తిరగాలి కాబట్టి, తిన్నటి రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్ గేర్లకు విశ్రాంతి ఉండదు.

ఏ కంపెనీ బండి అన్న చర్చ రచ్చబండ మీద తెగేది కాదు. మహీంద్రా వాళ్లు 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో కలిసి మొదలుపెట్టిన బి-275 వంశం, చెన్నై సింప్సన్ ఇంజనుతో వచ్చిన మాస్సీ 1035, 1974లో పంజాబులో పూర్తి స్వదేశీ నమూనాగా పుట్టిన స్వరాజ్, వీటికి వేటి అభిమానులు వాటికున్నారు. అన్నీ మంచి బండ్లే. నా కొలత వేరు. మీ ఊరి చుట్టూ పది కిలోమీటర్లలో అదే మోడలు ఎన్ని తిరుగుతున్నాయి? దాన్ని కళ్లు మూసుకుని విప్పగల మెకానిక్కు ఉన్నాడా? చెక్ సాంకేతికతతో హెచ్.ఎం.టి. చేసిన జెటార్ బండ్లు ఉక్కుముక్కలని పేరు. కానీ ఆ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. ఒక్క గేరు కోసం పాత సామాను కొట్లు తిరిగే ఓపిక ఉన్నవారికే అది తగును.

కొత్తప్పుడు ఆ మోడలు ఎంత బలం ఇచ్చేది, గంటకు ఎంత డీజిలు తాగేది, ఎంత బరువెత్తేది అన్నది అమ్మేవాడి నోట వినాల్సిన పని లేదు. మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ మోడళ్లను పరీక్షించి నివేదికలు ప్రచురిస్తుంది. అదే కోవకు చెందిన దక్షిణ ప్రాంత సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది, రైతులకు అక్కడ శిక్షణలూ ఇస్తారు. ముందే ఆ అంకెలు తెలుసుకుని వెళితే, బండి ఎంత దిగజారిందో కొలిచి చూసుకోవచ్చు.

ఇక లాభనష్టాలు. వ్యవసాయ ఇంజనీరింగు పుస్తకాలు ట్రాక్టరు ఆయుష్షును పదేళ్లు, పదివేల గంటలుగా లెక్క వేసి, ఆ తర్వాత కొన్న ధరలో పదో వంతే మిగులుతుందంటాయి. మన ఊళ్లలో పాతికేళ్ల బండ్లు ఇంకా దున్నుతూనే ఉన్నాయి. పుస్తకం తప్పనడం లేదు. ఆ తర్వాత నడిచే ప్రతి గంటా విడిభాగాల ఖర్చుతో కొనుక్కున్న గంట. లీటరు డీజిలులో దాదాపు పది యూనిట్ల కరెంటుకు సమానమైన శక్తి ఉంటుంది. మంచి ఇంజను అందులో మూడో వంతుకు కాస్త తక్కువే పనిగా మారుస్తుంది. అరిగిన ఇంజను ఇంకా తక్కువ. గంటకు నాలుగు లీటర్లు తాగాల్సిన బండి పదిహేను శాతం ఎక్కువ తాగుతోందనుకోండి, గంటకు 0.6 లీటరు. ఏడాదికి వంద గంటలు సొంత పొలం దున్నుకునేవారికి అరవై లీటర్లు, సర్దుకుపోవచ్చు. కిరాయికి వెయ్యి గంటలు తిప్పేవారికి ఆరువందల లీటర్లు. లీటరు 95 రూపాయలనుకున్నా 57 వేలు, అదీ ఒక్క ఏడాదికే.

కాబట్టి ఎవరికి తగును అన్నది బండిని బట్టి కాక పనిని బట్టి తేలుతుంది. ఐదారెకరాల సొంత సేద్యానికీ, మందు కొట్టడానికీ, ఎరువు తోలడానికీ, ఇంట్లో ఉన్న మంచి బండికి తోడుగానూ చవక పాత ట్రాక్టరు బంగారం లాంటిది. కిరాయి మీద బతకాలనుకునే కుర్రాడికి మాత్రం నేను వద్దంటాను. కాలువకు నీళ్లొదిలిన వారంలో ఊరంతా ఒకేసారి దమ్ముకు పిలుస్తుంది. ఏడాది సంపాదనలో పెద్ద వాటా ఆ కొద్ది రోజులదే. ఆ రోజుల్లో బండి షెడ్డులో పడుకుంటే పోయేది మరమ్మతు ఖర్చొక్కటే కాదు, వచ్చే ఏడు పిలవాల్సిన రైతులు కూడా.

చివరిగా కాగితాలు. ఇనుములో ఏ లోపమున్నా డబ్బుతో సరిచేయొచ్చు, కాగితాల లోపాన్ని మాత్రం సరిచేయలేం. ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరూ చాసీ నంబరూ బండి మీద చెక్కినవాటితో అక్షరం అక్షరం కలవాలి. ఆర్‌సీ మీద ఫైనాన్సు పేరు ఉంటే, అప్పు తీరిపోయిందని అమ్మేవాడు చెప్పినంత మాత్రాన చాలదు, ఫైనాన్సు సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రావాలి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను పునరుద్ధరించారో లేదో చూడాలి, ఆ పైన ఐదేసి ఏళ్లకు ఒకసారి చేయించుకోవాలి. ట్రక్కుకు వేరే రిజిస్ట్రేషను ఉందో లేదో అడగాలి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు బేరం కుదిరిన రోజే తీసుకోండి. బండి అమ్మే అన్నదమ్ములకు కూడా ఇది చెప్పాలి. ఆర్‌సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వారే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చిచెప్పింది. మూడు చేతులు మారినా, ప్రమాదం జరిగితే నష్టపరిహారం నోటీసు వెళ్లేది ఆ పేరున్న ఇంటికే. పేరు మార్పు పూర్తయ్యేదాకా కొనేవారు పూర్తి సొమ్ము ఇవ్వకండి, అమ్మేవారు బండి తాళం ఇవ్వకండి.